నటరాజుకు మొలిచిన ఆరో వేలు

ఆళ్ళగడ్డలో మా డీటీపీ షాపుకు రెండు పేర్లున్నాయి. బోర్డు మీద నేను రాయించింది ఒకటి, జనం పిలిచేది ఒకటి. జనం పిలిచే పేరు 'కోతలక్క షాపు'. కోతలు కోయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అయినా నేను చెప్పేదాంట్లో సగం నిజమే ఉంటుంది. మిగతా సగం నిజం కంటే బాగుంటుంది. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో కోతలు రెండు రకాలు. ఒక రకం నావి. రెండో రకం నంద్యాల ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్‌వి. రెండూ కలిసి ఒక పెద్దమనిషి బతుకు మీదికి తెచ్చాయి కాబట్టి, ఈసారికి నా రకం కొంచెం తగ్గించి రాస్తాను.

పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు, అన్నీ నేను కంప్యూటర్ మీద తయారు చేసి ఫైలు నంద్యాలకు పంపుతాను. అక్కడ ప్లేట్లు చేసి అచ్చు వేస్తారు. పంపే ముందు ఫైలుకు చేయాల్సిన సింగారం కొంత ఉంటుంది. చేస్తే ఎవరికీ కనిపించదు. చేయకపోతే ఊరంతటికీ కనిపిస్తుంది.

తెర మీద ఉండేది వెలుగు, కాగితం మీద పడేది సిరా. తెర మీద చిలకపచ్చగా వెలిగిపోయే ఓణీ, రంగులు అచ్చుకు తగినట్టు మార్చకుండా పంపితే ఉడికిన గోంగూర రంగులో వస్తుంది. అట్లాగే అక్షరాలు. నా కంప్యూటర్‌లో ఉన్న తెలుగు అక్షరాలు ప్రెస్సు కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు. అందుకే వాటిని బొమ్మలుగా మార్చి పంపాలి. 'కర్వ్స్ చేయడం' అంటాం. ఒకసారి నేను అది మరిచిపోతే ఒక పెళ్ళి కార్డులో పెళ్ళికూతురి పేరు పోయి మూడు బ్రాకెట్లు, ఒక డాలర్ గుర్తు వచ్చాయి. పెళ్ళికొడుకు అది కొత్త ఫ్యాషన్ అనుకుని ఆ బ్రాకెట్లనే చెయ్యి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఇందులో పచ్చబొట్టు ఒక్కటే నేను కలిపింది.

ఇంకొకటి అంచు. బొమ్మ కాగితం అంచుదాకా రావాలంటే, కోసే గీత దగ్గర ఆపేస్తే కుదరదు. గీత దాటి ఇంకో మూడు మిల్లీమీటర్లు బొమ్మను సాగదీయాలి. కోసేటప్పుడు కత్తి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా తెల్ల చార కనపడకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. దీన్ని ఇంగ్లీషులో బ్లీడ్ అంటారు. కథంతా ఈ మాటతోనే మొదలైంది.

హైవే పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్లలో ఒక షెడ్డు మామది. నాకు చుట్టం కాదు. మా నాయన కాలం నుంచి ఎదురిల్లు, కాబట్టి మామ. ఆయన తల దులిపితే చిన్న నంది చేసేంత రాతి పొడి రాలుతుంది. నా జుట్టుకు నేను రంగు వేసుకోబట్టి చాలా ఏళ్ళయినా ఆయనకు నేను ఇంకా పాపనే. ఒక బుధవారం పొద్దున షాపు తెరిచీ తెరవకముందే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"పాపా, నాకు పుస్తకం కావాల."

"ఈ వయసులో చదువు మొదలుపెడతాండావా మామా?"

"నాకు కాదు, జనం చూసేదానికి. ఎదురు షెడ్డాయప్పకు తళతళలాడే పుస్తకం ఉండాది. గుడి కమిటీ వోళ్ళు వస్తే కుర్చీ ఏసి, పుస్తకం చేతిలో పెడతాండాడు. నేనేమో ఫోన్ చూపిస్తాండా. మొన్న ఒక పెద్దాయన నా ఫోన్లో బొమ్మలు చూస్తాంటే మా అల్లుడు ఫోన్ చేసినాడు. ఆయప్ప వేలు తగిలి ఫోన్ ఎత్తుకున్యాది. ఎత్తింది నేనే అనుకోని మా అల్లుడు ఏమేం తిట్టినాడో ఏమో, వోళ్ళు కాఫీ కూడా తాగకుండా లేసి పాయిరి."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వు, నవ్వు. సంకురాత్రి నుంచి రోళ్ళు, సన్నికల్లు రాళ్ళు తప్ప ఒక్క స్వామిని చెక్కలేదు నేను. ఈ చేతులు ఇట్లనే పోతాయేమో అనుకుంటాండా. ఆదివారం బనగానపల్లె కాడ ఊరోళ్ళు వస్తారంట. శివుని గుడి కట్టినారు. నంది, ద్వారపాలకులు, అమ్మవారు, అన్నీ ఒక్కనికే ఇస్తారంట. ఎదురు షెడ్డూ చూస్తారు, నా షెడ్డూ చూస్తారు. నా చేతిలో పుస్తకం ఉండాల."

అప్పుడు నా నవ్వు ఆగింది. రోళ్ళు చెక్కడం తప్పు పని కాదు. కానీ మామ చెక్కిన అమ్మవారి ముక్కుపుడక చూసినవాళ్ళు ఎవరైనా, ఆ చేతుల్ని రోళ్ళకు వదిలేయరు.

ఆయన ఫోన్లో ఫోటోలు చూశాం. విగ్రహాలన్నీ ఎప్పుడో లారీలెక్కి వెళ్ళిపోయాయి. మిగిలింది ఈ ఫోటోలే. వాటిలో తలమానికం ఒక నటరాజు. నల్లరాతి విగ్రహం, ఎత్తిన కాలు గాలిలో నిలిచి ఉంది, ఆ కాలి వేళ్ళు ఇప్పుడే కదిలి ఆగినట్టున్నాయి. దాన్ని అట్ట మీద వేయాలని ఇద్దరం ఒకే మాట అనుకున్నాం. ఒక్కటే చిక్కు. స్వామి పెద్దగా కనపడాలని మామ బాగా దగ్గరికి పోయి ఫోటో తీశాడు. ఎత్తిన కాలి బొటనవేలు సరిగ్గా ఫోటో అంచును తాకుతోంది. దాని అవతల బొమ్మే లేదు.

"మామా, అంచు అవతల రొంత బొమ్మ కావాల. కోతలో పోతాది. దాన్ని బ్లీడ్ అంటారు."

"అంటే?"

"రక్తం కారేది అని."

అక్కడ ఆపి ఉంటే ఏ గొడవా ఉండకపోవును. నా నాలుక నా మాట వింటే కదా. "కత్తి పడినప్పుడు కాగితానికి రక్తం కారతాది మామా. తుడిచేదానికి నంద్యాల భాయ్ పక్కన దూది పెట్టుకోనుంటాడు" అన్నాను.

మామ స్టూలు మీంచి లేచాడు. "స్వాముల పుస్తకంలో రక్తమా? మతి ఉండాదా నీకు? వద్దు. నా పుస్తకంలో బ్లీడూ వద్దు, గీడూ వద్దు."

"అయ్యో, ఎగతాళికంటి మామా! అది ఉత్త పేరే."

"నీది ఏది ఎగతాళో, ఏది నిజమో కనిపెట్టేదానికి నాకు ఈ జన్మ చాలదు. వద్దంటే వద్దు."

ఎంత చెప్పినా వినలేదు. కోతలక్క అని పేరు పడ్డాక నిజం చెప్పడమే కష్టం. సరే, ఆయన పుస్తకం, ఆయన ఇష్టం అనుకుని గురువారమంతా కూర్చుని పేజీలు అల్లాను. రాతి నలుపు కాగితం మీద బూడిదలా తేలిపోకుండా, నల్ల సిరా కింద కొంచెం నీలం, కొంచెం ఎరుపు పడేట్టు చూశాను. అక్షరాలన్నీ కర్వ్స్ చేశాను. ఆఖరి చూపు చూసి, బ్లీడ్ లేకుండానే ఫైలు పంపేశాను.

శుక్రవారం మధ్యాహ్నం నంద్యాల నుంచి భాయ్ ఫోన్. ఆ ప్రెస్సు ఆయనదే. నా ఫైళ్ళు అచ్చు వేసేదీ ఆయనే, తిట్టేదీ ఆయనే.

"అక్కా, ఏందిది? కొత్తగా నేర్చుకుంటాండావా? చుట్టూ బ్లీడ్ యాడుంది?"

"పెద్దాయన వద్దన్యాడు భాయ్."

"పెద్దాయన వద్దంటే నా కత్తి వింటాదా? అట్ట మీద స్వామి బొటనవేలు అంచుకే ఉండాది. కోస్తే గోరు పోతాది, కోయకపోతే తెల్ల చార వస్తాది. ఏది కావాలో అడుగు."

మామ షెడ్డుకు పరిగెత్తాను. ఆయన ఒక రోలు ముందు కూర్చుని ఉన్నాడు. గోరు పోతుందనగానే ఉలి కింద పెట్టేశాడు.

"వేలు పోతే భిన్నమైనట్టే కదా పాపా? భిన్నమైన విగ్రహాన్ని గుడిలో పెట్టరు, నీళ్ళల్లో వదుల్తారు. అట్ట మీదనే భిన్నమైన నటరాజుంటే, ఆ పుస్తకం చూసి ఎవరన్నా నాకు నంది చెక్కమంటారా?"

"పోనీ చుట్టూ తెల్ల అంచు పెడదామా?"

"శ్రద్ధాంజలి కార్డు మాదిరా? ఎదురు షెడ్డాయప్ప పుస్తకానికి యాడా అంచు లేదు."

అప్పుడు తల గోక్కుని, ఎగతాళి లేకుండా చెప్పాను. ఆయన ముందు పడి ఉన్న బండరాయి మీద ఎర్ర గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలకు అవతల కూడా బెత్తెడు రాయి ఉంది. దాన్ని చూపించి, "ఈ బయట రాయి ఏంటికి వదిలినావు మామా?" అన్నాను.

"వదలకపోతే చెక్కేదానికి యాడ తావుంటాది? ఉలి రొంత జారినా స్వామికి తగలకుండా..." అని మామ ఆగాడు. రాయిని చూశాడు. నన్ను చూశాడు. "ఇదేనా నువ్వు చెప్పే బ్లీడు?"

"ఇదే."

"దీన్ని మేము వదులు అంటాం. అట్ల చెప్పక రక్తం, దూది అంటావేంది? పో, పో, బిర్నా పోయి వదులు పెట్టు!"

వదులు పెట్టడానికి షాపుకు వచ్చాను. సాయంత్రంలోగా ఫైలు చేరితేనే భాయ్ శనివారం పొద్దున అచ్చు వేయగలడు. లేని బొమ్మను సాగదీయడానికి మా కంప్యూటర్‌లో ముద్ర కొట్టే పనిముట్టు ఒకటుంది. బొమ్మలో ఒకచోట ముక్కను తీసుకుని ఇంకోచోట అద్దుతుంది. షెడ్డు గోడను సాగదీశాను, ఆకాశాన్ని సాగదీశాను, రాతి పొడిని ఎంత కావాలంటే అంత పరిచాను. ఆ రెండు గంటల్లో నేను పరిచిన పొడికి మామ షెడ్డులో పదేళ్ళ పని చాలదు.

అట్ట బొమ్మ మీదికి వచ్చేసరికి విజిటింగ్ కార్డు కోసం ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. మనిషి ఎదురుగా కూర్చుంటే నాకు ఊరుకోవడం చేతకాదు. మహానంది తిరునాళ్ళకు నేను చేసిన ఫ్లెక్స్ సంగతి ఎత్తుకున్నాను. గాలికి ఆ ఫ్లెక్స్, దాన్ని కట్టిన ఆటోతో సహా లేచి, నల్లమల మీదుగా పోయి శ్రీశైలంలో దిగిందనీ, ఆటో ఆయన దిగి మీటరు చూసి చార్జీ అడిగాడనీ చెబుతున్నాను. ఆయన నోరు తెరిచి వింటున్నాడు. నా నోరు శ్రీశైలంలో ఉంది, నా చెయ్యి నటరాజు పాదం దగ్గర ఉంది. ఒకదాన్ని ఇంకొకటి చూడలేదు. కథ అయిపోయింది, ఫైలు వెళ్ళిపోయింది.

శనివారం మామ ఉతికిన పంచె కట్టి, తల తడిపి దువ్వుకుని బస్టాండుకు వచ్చాడు. పుస్తకాలు తానే మోసుకొస్తానన్నాడు. శిరివెళ్ళ దాటేవరకు కమిటీ వాళ్ళను ఏ కుర్చీలో కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తూ వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే చులకనవుతుందట, రాతి బెంచీ వేస్తే ఎండకు కాలుతుందట.

"గొడుగు కింద బెంచీ ఏద్దాం మామా."

"అదీ మంచిదే. నువ్వు మాత్రం వోళ్ళతో మాట్లాడొద్దు. రక్తం, దూది అంటావు మళ్ళా."

భాయ్ ప్రెస్సు నంద్యాలలో ఒక ఇరుకు గల్లీలో ఉంటుంది. సిరా వాసన, మిషన్ చప్పుడు గల్లీ మొదట్లోనే ఎదురొస్తాయి. నంద్యాల ఎండకు ఆయన సిరా ఆరబెట్టాల్సిన పని లేదు. డబ్బాలోంచి కాగితం మీద పడేలోపలే ఆరిపోతుంది, అందుకే ఆయన పెదాలతో ఊది మెత్తబరుస్తుంటాడు. మేం పోయేసరికి లోపలి పేజీలు, అట్టలు అన్నీ అచ్చయి దొంతులుగా ఉన్నాయి.

"రా పెద్దాయనా, కూర్చో. టీ చెప్తా" అని భాయ్ ఒక అట్ట కాగితం తీసి మామ చేతిలో పెట్టాడు.

మామ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆయన ముఖం మీద ముడతలన్నీ ఒక్కొక్కటిగా విడిపోయాయి. నలుపు నిజంగా నలుపుగా వచ్చింది. "నూనె పూసి తుడిచినట్టుండాది" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. భాయ్ వైపు గర్వంగా చూశాను. తిరిగి మామ వైపు చూసేసరికి ఆయన కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్కపెడుతున్నాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"పాపా" అన్నాడు నెమ్మదిగా, "ఈ వేలు నేను చెక్కలేదే."

తొంగి చూశాను. ఎత్తిన కాలికి బొటనవేలు ఉంది. దాని పక్కనే, అంచు అవతల, ఇంకో బొటనవేలు ఉంది. గోరుతో సహా. అచ్చం మొదటి దానిలాగే, కవలపిల్లలా. నా ముద్ర పనిముట్టు, నా శ్రీశైలం కథ కలిసి చెక్కిన వేలు అది.

"ఆరు" అన్నాడు మామ. "నటరాజుకు ఆరు వేళ్ళు."

భాయ్ చూసి మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తరువాత నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. "అక్కా, నీ మాటలే కొసరనుకుంటి. నీ దేవుళ్ళకూ కొసరేనా!"

"మళ్ళా ఏద్దాం భాయ్. ఇప్పుడే సరి చేసి ఇస్తా."

"ప్లేట్ చేసే ఆయప్ప పొద్దున్నే తాళమేసి పెళ్ళికి పాయ. సోమవారం గానీ రాడు. అట్ట కాగితం కూడా ఇంతే తెప్పించినా."

సోమవారం. కమిటీ వచ్చేది రేపు. మామ కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని ముందు నిలబడిపోయాడు. కోపం చేసుకోలేదు. కోపం చేసుకుని ఉంటే నాకు బాగుండేది. "పోనీలే పాపా, ఫోన్ చూపిస్తాలే" అన్నాడు. "మా అల్లునికి చెప్తా, రేపు చెయ్యొద్దని."

ఆ మాటకు భాయ్ నవ్వు కూడా ఆగింది. కాగితం మీదికి వంగాడు. మూలల్లో కోత ఎక్కడ పడాలో చూపే సన్నని గుర్తులుంటాయి. పై గుర్తు నుంచి కింది గుర్తుకు స్కేలు పెట్టాడు. స్కేలు అంచు రెండు బొటనవేళ్ళ మధ్యగా వెళ్ళింది. అసలు వేలు ఇవతల. నా వేలు అవతల, వదులులో. మధ్యలో దారం పట్టేంత సందు.

"చూడక్కా. కత్తి ఈ సందులో పడితే ఆ వేలు పోతాది, ఈ వేలు ఉంటాది."

"రొంత ఇటు పడితే?" అన్నాడు మామ.

"స్వామి గోరు పోతాది."

"అటు పడితే?"

"అక్క గోరు మిగులుతాది."

మామ కళ్ళు మూసుకున్నాడు. "సందులోనే పడాల."

"ముప్పై ఏండ్లుగా దేవుళ్ళ క్యాలెండర్లు కోస్తాండా పెద్దాయనా" అన్నాడు భాయ్. "ఇంతవరకు ఒక్క దేవుడూ నా మీద కేసు పెట్టలే."

అట్టలు మడిచి, లోపలి పేజీలు చేర్చి, పిన్నులు కొట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక కోత. మామూలుగా భాయ్ పుస్తకాలను జానెడు దొంతి పెట్టి ఒకేసారి కోస్తాడు. అట్లా కోస్తే పైనున్నదానికీ కిందున్నదానికీ కోత కొంచెం తేడా వస్తుంది. మామూలు పుస్తకానికి అది ఎవరికీ పట్టదు. ఇప్పుడు ఆ తేడాలోనే స్వామి బొటనవేలు ఉంది. అందుకని రెండేసి పుస్తకాలే పెడతానన్నాడు. మొదటి జత పెట్టి, కాగితాన్ని కత్తి కిందికి జరిపే చక్రం తిప్పాడు. చూశాడు. మళ్ళీ రవ్వంత తిప్పాడు. మామ పోయి ఆయన భుజం పక్కన నిలబడ్డాడు. ఇద్దరి తలలూ ఒకే బొటనవేలు మీదికి వంగాయి.

"గీతను ముట్టొద్దు భాయ్. గీతను వదలొద్దు."

"తెలుసు పెద్దాయనా."

"ఊపిరి పట్టుకోని కొట్టొద్దు. వదిలి కొట్టు. నేను కండ్లు తెరిచేటప్పుడు అట్లనే కొడతా."

విగ్రహానికి ఆఖరున ఉలితో కంటిపాపలు చెక్కి కళ్ళు తెరవడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. భాయ్ తల ఊపాడు. నేను ఏదైనా చెబుదామని నోరు తెరిచాను. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగి, "గమ్మునుండు!" అన్నారు. గమ్మునున్నాను. నా జీవితంలో కోతలు కోయకుండా కోత చూడటం అదే మొదలు.

భాయ్ ఊపిరి వదిలాడు. కత్తి దిగింది. చప్పుడు పెద్దగా ఏమీ లేదు, గుమ్మడికాయను కత్తిపీట మీద కోసినంతే. సన్నని చార ఒకటి రాలి కింద పడింది. మామ పుస్తకం తీసుకుని లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. బొటనవేలి గోరు నిండుగా ఉంది. దాని అవతల కాగితం లేదు, గాలి ఉంది.

"అయిదు!" అని అరిచాడు మామ. గల్లీలో టీ కొట్టు ఆయన ఏమైందోనని తొంగి చూశాడు.

భాయ్ తరువాతి జత పెట్టాడు. అయిదు. ఆ తరువాత అయిదు. ఒక్కో కోతకూ మామ లెక్కపెట్టడం, అయిదని కేకేయడం, టీ కొట్టు ఆయన కూడా అక్కడి నుంచే "అయిదా?" అని అడగడం. ఆఖరికి వచ్చేసరికి అది పాటలా తయారైంది. భాయ్ చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఒక్క పుస్తకం తప్పిపోలేదంటే మీరు నమ్మరు. నిజానికి ఒకటి తప్పింది. దాంట్లో నా గోరు సగం మిగిలింది. దాన్ని నేను చప్పుడు చేయకుండా నా సంచిలో వేసుకున్నాను.

మామ కింద పడ్డ చారలన్నీ ఏరుతున్నాడు. ఒకటి ఎత్తి నా ముఖం ముందు ఆడించాడు. "ఇది ఎవరి వేలు?"

"నాదే మామా."

"చెత్తలో వెయ్యలేం. స్వామి కాలి పక్కన మొలిచింది."

"అది స్వామిది కాదు పెద్దాయనా, అక్క కంప్యూటర్‌ది" అన్నాడు భాయ్.

"ఎవరిదైనా భిన్నమే కదప్పా. నీళ్ళల్లో వదలాల."

అట్లా, నా చేతి పని మొత్తం మామ తువ్వాలులో మూటకట్టుకున్నాడు. పుస్తకాల కట్ట ఒక భుజాన, ఆ మూట ఇంకో చేతిలో. ముగ్గురం కుందూ ఏటి గట్టుకు పోయాం; భాయ్ ప్రెస్సు మూసి మరీ వచ్చాడు. నీళ్ళు పలుచగా పారుతున్నాయి. మామ మూట విప్పి వేళ్ళను వదిలాడు. సన్నని కాగితం చారల మీద నల్లని బొటనవేళ్ళు వరుసగా తేలిపోతుంటే, బట్టలు ఉతుకుతున్న ఒకామె పైకి చూసి, "ఏంది సామీ అది?" అంది.

మామ నావైపు చూశాడు, ఈసారికి చెప్పుకో అన్నట్టు.

"రక్తం రాని కోతమ్మా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ బట్ట బండకేసి కొట్టింది.

ఆదివారం పది గంటలకు కమిటీ వచ్చింది. ముగ్గురు. ముందు ఎదురు షెడ్డుకే పోయారు. అక్కడ చాలాసేపు కూర్చున్నారు. కాఫీలు తాగారు. మామ గొడుగు కింద రాతి బెంచీని మూడుసార్లు తుడిచాడు. వాళ్ళు రోడ్డు దాటి వచ్చేసరికి నేను ఎప్పుడో సగంలో ఆగిపోయిన ఒక నంది వెనక నిలబడి ఉన్నాను, మాట్లాడకూడదన్న షరతు మీద.

కమిటీలో పెద్దాయన పుస్తకం తీసుకుని పేజీలన్నీ ఓపిగ్గా తిప్పాడు. మిగతా ఇద్దరూ పుస్తకంలో అమ్మవారి ముక్కుపుడక దగ్గర ఏదో గుసగుసలాడారు. పెద్దాయన తిరిగి అట్ట దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఎత్తిన పాదాన్ని దగ్గరగా చూశాడు. పెద్దాయన ఆ బొటనవేలు మీద తన వేలు ఆనించి, ఆ వేలిని కళ్ళకద్దుకున్నాడు.

"ఈ స్వామి యాడుండాడు ఇప్పుడు?"

"కర్ణాటకలో ఒక ఊర్లో. లారీ ఎక్కించినప్పుడు చూసిందే. మళ్ళా చూసే రాత రాలేదు."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "మా ఊర్లో నిలబెట్టేటివి నువ్వు బస్సెక్కి వచ్చి చూసుకోవచ్చులే" అన్నాడు. పక్కనున్నాయన సంచిలోంచి తమలపాకులు, వక్కలు, పండ్లు తీశాడు. మామ రెండు చేతులూ చాపి తాంబూలం అందుకున్నాడు. రాతి పొడి అంటకుండా దాన్ని తువ్వాలులో చుట్టి పెట్టుకున్నాడు.

"నందితో మొదలుపెడతా" అన్నాడు. "రేపే."

పెద్దాయన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని లేచాడు. "ఇది మా ఊర్లో చూపిస్తాం. శానా బాగుండాది. ఎవరు చేసినారు?"

నంది వెనక నుంచి నేను తల బయటపెట్టాను. మామ నావైపు చెయ్యి చూపించాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వాడు.

"మా పాపే. పనితనం ఉండాది. వేళ్ళు మాత్రం రొంత ఎక్కువ చెక్కుతాది."